చూసినోళ్లే రాయాలె

పదో తరగతి కాగానే పిల్లను హైదరాబాద్ బస్సెక్కించడం నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఇప్పుడు మామూలైపోయింది. టీసీ, మెమో, బోనఫైడ్ చేతిలో ఉంటే చాలు, ఎక్కడికి పోయినా సీటుకు ఇబ్బంది లేదు. అయితే ఈమధ్య ఒకరిద్దరు పిల్లలు ధైర్యం చేసి, పూర్తి స్కాలర్‌షిప్ దొరికితే అమెరికాలోనే డిగ్రీ చదువుతామని దరఖాస్తు పెడుతున్నారు. అక్కడివాళ్ల లెక్కలో 9 నుంచి 12 దాకా ఒకే హైస్కూలు. మన పిల్ల అందులో రెండేళ్లు జడ్పీ హైస్కూల్లోనూ, రెండేళ్లు జూనియర్ కాలేజీలోనూ గడుపుతుంది. అంటే ఇక్కడ ఏ అడ్డంకీ లేకుండా చదువుకున్న ప్రతి పిల్లా వాళ్ల కంటికి మధ్యలో బడి మారిన పిల్లే. నిన్ను బాగా ఎరిగిన టీచర్ల చేత ఉత్తరాలు రాయించమని ఆ కాలేజీలు అడిగితే ఈ పిల్ల ఎవరి గడప తొక్కాలి?

దసరా సెలవుల్లో నల్గొండలోని ఒక ఇంట్లో ఇదే విషయం మీద ఇద్దరు గట్టిగా వాదించుకున్నారు. ఆయన మర్రిగూడ వైపు జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి, 2024 బదిలీల్లో వేరే మండలానికి వెళ్లిన సారు. ఆమె ఆయన అన్న బిడ్డ, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ఉత్తరం అడిగిన పిల్ల పదో తరగతి దాకా ఆయన దగ్గర చదివింది, ఇప్పుడు ఇంటర్ రెండో ఏడాది ఈమె దగ్గర చదువుతున్నది.

మేడం: చిన్నాయనా, ఆ పిల్లకు రాయనన్నవట. ఫోన్ల ఒకటే ఏడుపు.

సారు: రాయనన్లేదు బిడ్డా. నేనెందుకు రాయాలె అని అడిగిన. ఇప్పుడు చదువు చెప్తున్నది నువ్వు. ఆమె బడి మారింది, నేనూ బడి మారిన. ఏడాదిన్నర కిందటి ముచ్చట ఇప్పుడెందుకు?

మేడం: నాకేం తెలుసు ఆమె గురించి? నా సెక్షన్ల ఎనభై మంది దాక ఉంటరు. పొద్దుగాల స్టడీ అవర్, తర్వాత క్లాసులు, వారం వారం టెస్టు. ఆమె రోల్ నంబరు తెలుసు, టెస్టుల ర్యాంకు తెలుసు. జూన్ దాక వాళ్లకు వేరే సారుండె, ఆయన ఇంకో కాలేజీకి పోయిండు. నేనొచ్చి నాలుగు నెలలు. డౌటు అడుగుదామని లేచినోళ్లను గూడ సిలబస్ అయిపోవాలె కూసోమంటం.

సారు: గదే చెప్తున్న. నాలుగు నెలలు చూసినామెకు తెల్వదు, అప్పుడెప్పుడో చూసినోడు మర్చిపోతడు. మరి ఈ ఉత్తరాలకు విలువేంది? మార్కులున్నయి, మెమో ఉన్నది. అవి చూసి ఇస్తె ఇయ్యమను, లేకపోతే వద్దను.

మేడం: మార్కులు చాలవనే గదా అడుగుతున్నరు.

సారు: అడుగుతరు. అడిగేటోళ్లకేం. నేను 1998 డీఎస్సీ రాసినోణ్ణి. అప్పుడు రాతపరీక్ష తర్వాత ఇంటర్వ్యూ ఉండె. నీ తాత గట్టుప్పల్ల మగ్గం నేసిన మనిషి. కొడుకు ఇంటర్వ్యూకు పోతున్నడు, ఎవరితోనన్న ఒక మాట చెప్పిస్తె బాగుంటదని ఎవరో అన్నరు. ఇగ పంచె కట్టుకొని చండూరు పోయిండు, మునుగోడు పోయిండు, ఎవరెవరి అరుగుల మీదనో కూసోని వచ్చిండు. ఒక్కడు గూడ లోపలికి రమ్మనలే. ఆ తిరుగుడు నేను సచ్చేదాక మర్చిపోను. మన రాష్ట్రంల 2022ల గ్రూప్-1, గ్రూప్-2 ఇంటర్వ్యూలు తీసేసిన్రు సూడు, ఆ రోజు మా స్టాఫ్‌రూంల పండుగ చేసుకున్నం. ఎంసెట్ పేపర్ దిద్దే కంప్యూటర్‌కు నీ కులం తెల్వదు, నీ తండ్రి ఎవరో తెల్వదు. పేదోని పిల్లకు అంతకంటె పెద్ద న్యాయం ఏడున్నది? తిరుమల దర్శనానికి మన ఎమ్మెల్యేల ఉత్తరాలు తీసుకుంటలేరని ఎంత లొల్లాయె. 2025 మార్చిల ఒప్పుకుంటె గెలిచినమన్నరు. దేవుని కాడికి పోవుటానికే మనకు ఉత్తరం కావాలెనాయె. చదువుకు గూడ ఆ జబ్బు అంటియ్యొద్దు.

మేడం: తాత ముచ్చట నాకు తెల్వదు చిన్నాయనా. ఎప్పుడు చెప్పలే నువ్వు. కాని ఆ ఎమ్మెల్యేకు ఉత్తరం పట్టుకపోయే మనిషి మొకం గూడ గుర్తుండదు. ఈ కాలేజీలు అడిగేది అది కాదు. మంత్రి రాసిన ఉత్తరం వద్దు, క్లాసుల ఎదురుంగ నిలబడి చదువు చెప్పిన సారు రాయాలె అంటున్నరు. తాత ఎవరి అరుగు మీదికి పోయినా లోపలికి రమ్మనలేదన్నవ్. ఈ పిల్ల పోవాల్సిన అరుగు నీది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ మాట ఆయనకు తగిలిందనే నేను అనుకుంటున్నాను. అయినా ఆయన వాదం అంత తేలిగ్గా పక్కకు పెట్టేది కాదు. పరీక్ష ఒక్కటే కొలత కావాలని కోరుకున్న తరానికి ఆ కోరిక అవమానాల్లోంచి పుట్టింది.

మేడం: నువ్వు పనిచేసిన బడులల్ల ఎన్ని టీసీలు రాసిన్రో గుర్తు చేసుకో. ప్రవర్తన అని ఒక గడి ఉంటది. అండ్ల ఏం రాస్తరు?

సారు: గుడ్ అని రాస్తం. సాటిస్‌ఫాక్టరీ అని రాస్తం.

మేడం: అందరికీ అదే?

సారు: అందరికీ అదే. దాంట్ల గూడ న్యాయముంది. పదిహేనేండ్ల పిలగాని గురించి టీసీల ఒక చెడ్డమాట రాస్తె ఏ కాలేజీ వాడు చేర్చుకుంటడు? కోపంల రాసిన ఒక్క మాటకు వాని బతుకు పోతది. తెలిసే అందరికీ ఒకటే రాస్తం.

మేడం: చెడ్డమాట రాయకపోవుడు మంచిదే. కాని మంచి పిల్లకు గూడ ఏం రాయకపోతిమి. మెడిసిన్ సీటుకు చూడు, 2024 జీవో 33 ప్రకారం తొమ్మిది నుంచి ఇంటర్ దాక నాలుగేండ్లు ఇక్కడ్నే చదివినట్టు బోనఫైడ్లు కావాలె. సుప్రీంకోర్టు గూడ 2025 సెప్టెంబర్ల అది సరేనన్నది. ఆ కాగితాల కోసం పాత బడికి, కొత్త కాలేజీకి తిరుగుతనే ఉంటరు. ఆ పిల్ల ఏ బడిల కూసున్నదో రాసియ్యనీకె మన దగ్గర రిజిస్టర్లున్నయి. కూసోని ఏం చేసిందో చెప్పెటోడు లేడు. టీసీ పిల్ల ఎంబడి పోతది. నీకు తెలిసింది పోదు, నీ కాన్నే ఉండిపోతది.

సారు: అది రాయకపోయినా ఇన్నేండ్లు మన పిల్లలు పైకి రాలేదా?

మేడం: వచ్చిన్రు. రానోళ్ల లెక్క ఎవరు రాసిన్రు? రామానుజన్ సంగతి క్లాసుల నువ్వే చెప్పేటోనివి. కుంభకోణం కాలేజీల లెక్కలు తప్ప మిగతావి చాలమటుకు తప్పిండు, స్కాలర్‌షిప్ పోయింది. మద్రాసుకొచ్చి పచ్చయ్యప్ప కాలేజీల చేరిండు, ఆడ గూడ ఎఫ్‌ఏ పాస్ గాలే. నీ కంప్యూటర్ అప్పుడుంటె ఫెయిల్ అని కొట్టి అవతలేసేది. నెల్లూరు కలెక్టర్ రామచంద్రరావు ఆయన నోట్‌బుక్కులు చూసి నెలకు 25 రూపాయలిచ్చిండు. 1912ల మద్రాస్ పోర్ట్ ట్రస్ట్‌ల గుమస్తా నౌకరికి దరఖాస్తు పెట్టినప్పుడు ప్రెసిడెన్సీ కాలేజీ లెక్కల ప్రొఫెసర్ మిడిల్‌మాస్ట్ ఉత్తరం రాసిచ్చిండు. రెండు కాలేజీలు మారిన ఫెయిలైన పిలగాడు. చూసినోళ్లు చెప్తేనే నిలబడ్డడు.

సారు: రామానుజన్ ఒక్కడే పుట్టిండు. నువ్వు ఒక్కని పేరు చెప్పి అందరికీ రూలు పెడుతున్నవ్. నేనొకటి చెప్త విను. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ఈ ఉత్తరాలు ఎప్పుడు మొదలువెట్టినయో తెలుసా? 1920లల్ల. అప్పటిదాక ముఖ్యంగా పరీక్షే. యూదుల పిల్లలు, వలసొచ్చి కష్టపడెటోళ్ల పిల్లలు, పరీక్షల మంచిగ రాసి సీట్లు తెచ్చుకుంటుంటె అక్కడి పెద్దింటోళ్లకు కడుపు మండింది. ఇగ ఇంటర్వ్యూ అన్నరు, ఫొటో అన్నరు, టీచర్ ఉత్తరం అన్నరు, వ్యక్తిత్వం అన్నరు. జెరోమ్ కారబెల్ అనే ఆయన ఇదంత తవ్వి 2005ల పెద్ద పుస్తకం రాసిండు. పరీక్షల గెలిచినోణ్ణి గేటు కాడ ఆపనీకె పెట్టిన పద్ధతి ఇది. 2018ల హార్వర్డ్ మీద కేసు నడిచినప్పుడు ఏం బయటపడ్డది? చదువుల ముందున్న ఆసియా పిల్లలకు వ్యక్తిత్వం గడిల తక్కువ మార్కులు పడుతున్నయని. నూరేండ్లయినా గా గేటు కాన్నే ఉన్నరు.

మేడం: అబద్ధమని నేననను. కాని ఇప్పుడు ఆ ఉత్తరాలు ఎవరు రాస్తున్నరో చూడు. ఢిల్లీల, బెంగళూర్ల పెద్ద ఇంటర్నేషనల్ స్కూళ్లల్ల ఇదే పనికి కౌన్సిలర్‌ను జీతమిచ్చి పెట్టుకుంటరు. ఆ పిల్లలు బడి మారరు. చిన్నప్పటి నుంచి చూసిన టీచరు రెండు పేజీలు రాస్తది, డిబేట్‌ల ఏమన్నదో, ఓడిపోయిన రోజు ఎట్లున్నదో. మన పిల్లకు ఎవరో మూడు లైన్లు రాస్తరు, షీ ఈజ్ సిన్సియర్ అండ్ హార్డ్‌వర్కింగ్ అని. ఆ కాలేజీ రూలు నువ్వు పెట్టలే, నేను పెట్టలే. నువ్వు రాయనంటె రూలు మారదు, మన పిల్ల ఒక్కతే గేటు అవతల ఉంటది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హెర్స్ట్ లాంటివి కొన్ని, బయటి దేశం పిల్లల దగ్గర గూడ పైసలున్నయా లేవా అని చూడకుంట సీటిస్తయి, సీటొస్తె ఎంత తక్కువైతె అంత వాళ్లే పెట్టుకుంటరు. మగ్గం ఇంట్లకెల్లి పోయే పిల్లకు అంతకంటె ఏం కావాలె?

సారు: సరే, రాసేది నిజంగ మాస్టరే అయితె. నీ తమ్ముడు ఎమ్మెస్‌కు పోయేటప్పుడు ఏమైంది? మూడు ఎల్‌ఓఆర్‌లు కన్సల్టెన్సీ వాళ్లే టైపు చేసిచ్చిన్రు. ప్రొఫెసర్ లెటర్‌హెడ్ మీద సంతకం గీకిండు, చదవలే గూడ. వాని ఫైనలియర్ ప్రాజెక్టు గురించి వానికే తెల్వని మాటలు అండ్ల ఉండె. అమీర్‌పేట పోతె ఇప్పుడు గూడ అదే దందా. ఎవడో రాసిందాని కింద సంతకం పెట్టుడంటె దొంగ సాక్ష్యం చెప్పినట్టే. అసొంటి గుంపుల నన్ను కలుపకు.

ఈ ఒక్క విషయంలో సారు మాట తుదిమాట అనే నేను అంటాను. సంతకం పెట్టేవాడే రాయాలి. తెలియనిది రాయకూడదు. సొంతంగా రాసే తీరిక లేనివాడు లేదని చెప్పడమే పిల్లకు మేలు. ఇంకొకరిని అడుక్కోవడానికి దానికి రోజులు మిగులుతాయి.

మేడం: ఆ పిల్లకు గూడ కన్సల్టెన్సీ వాడు చెప్పిండు, సార్లను అడుగుడు ఎందుకమ్మా, మేమే రాస్తం అని. వద్దని నీ కాడికొచ్చింది. నీ పాత బడికి పోయి, నువ్వు బదిలీ అయినవని తెలిసి, కొత్త బడి ఎక్కడో అడుక్కుంట వచ్చింది. నువ్వేమో అరుగు మీదనే నిలబెట్టి పంపినవ్.

సారు: లోపలికే రమ్మన్న. చాయ్ ఇచ్చిన.

మేడం: ఉత్తరం ఇయ్యలే.

సారు: ఏం రాయాలెనే నేను? బాగా చదువుతదని రాయాల్నా? అది మెమోలున్నది. నెమ్మదస్తురాలని రాయాల్నా? నెమ్మదిగుంటె అమెరికా వాడు సీటిస్తడా?

మేడం: పటిక బకెట్ల ముచ్చట రాయి.

సారు: ఏ బకెట్లు?

మేడం: నువ్వే ఇంట్ల చెప్పినవ్ గదా, తొమ్మిదో తరగతిల సైన్స్ ఫెయిర్ అప్పుడు.

సారు: అదా. అది వేరే సంగతి. మా మర్రిగూడ దిక్కు బోరు నీళ్ల సంగతి నీకు ఎర్కే. భగీరథ నల్లా ఇంటికొచ్చినా చేను కాడ, కూలికి పోయిన కాడ ఇంకా బోరునీళ్లే తాగుతరు. ఈ పిల్ల నాయనమ్మకు నడుము వంగిపోయి, గోడ పట్టుకుంటె గాని లేవదు. నాగ్‌పుర్ నీరి వాళ్లు ఫ్లోరైడ్ తీసేసే పద్ధతి ఒకటి కనిపెట్టి దానికి నల్గొండ టెక్నిక్ అని మన పేరే పెట్టిన్రు. పటిక, సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడర్. పుస్తకంల చదివి, మన ఊరి పేరున్నదే మనం చేసి చూడకపోతె ఎట్ల సార్ అన్నది. నాలుగు బకెట్లు తెచ్చింది. పటిక ఎంత, సున్నం ఎంత అని ఒక్కో బకెట్‌కు ఒక్కో కొలత. ముందు గిరగిర కలపాలె, తర్వాత మెల్లగ పది పదిహేను నిమిషాలు తిప్పాలె, ఇగ కదిలియ్యకుంట పెట్టాలె. తెల్లగ దూది లెక్క పీచు పీచుగ కట్టుకొని మడ్డి అడుగుకు దిగుతది. పై నీళ్లు తీసి కిట్‌తోని చూడాలె. మందు చుక్క వేస్తె ఎర్రగుంటె ఫ్లోరైడ్ తక్కువ, పసుపుకు తిరిగితె ఎక్కువ.

మేడం: తర్వాత?

సారు: మూడు బకెట్లు మంచిగ వచ్చినయి. నాలుగోదాంట్ల పటిక ఎక్కువ పడ్డది, నీళ్లు పులుపెక్కినయి, లెక్క అడ్డం తిరిగింది. గ్రాఫ్ గీస్తె అన్ని చుక్కలు వరుసగ దిగుతున్నయి, ఒక్కటి మీదికి లేస్తది. తోటి పిల్లలు ఏమన్నరంటె, దాన్ని తీసెయ్యవే, మూడే పెట్టు, ప్రైజొస్తదని. తియ్యలే. చార్ట్ మీద నాలుగు చుక్కలు పెట్టింది. నాలుగోదాని కింద తన చేతిరాతతోని, పటిక ఎక్కువైంది, సున్నం సరిపోలేదు, మళ్లీ చేయాలి అని రాసింది. జిల్లా ఫెయిర్‌ల జడ్జి వచ్చి ఇది తప్పు గదా ఎందుకు పెట్టినవ్ అంటె, సార్ ఇది గూడ అయ్యింది గదా అన్నది. ప్రైజ్ రాలే. వచ్చినంక గూడ శనివారం శనివారం మళ్ల చేసింది, ఎవరు చెప్పలే. సున్నం పెంచుకుంట పోయి నాలుగోదాన్ని గూడ సరిచేసింది. అప్పటికి ఫెయిర్ ఎప్పుడో అయిపోయింది.

మేడం: ఈ ముచ్చట నా కాలేజీల ఎవరికి తెలుసు చిన్నాయనా?

సారు: ఎవరికి తెల్వదు.

మేడం: ఎంసెట్‌ల వస్తదా?

సారు: ...రాదు.

మేడం: ఇగ నువ్వు రాయకపోతె ఇది జరగనట్టే.

సారు: జరిగింది జరిగిందే, నేను రాసినా రాయకపోయినా. మాటల నన్ను పడగొట్టాలని చూడకు. నా ఇంగ్లిష్ సంగతేంది? వానికి నా ఇంగ్లిష్ చూస్తె నవ్వొస్తది, పిల్ల మీద పోతది.

మేడం: నువ్వు తెలుగుల రాయి. మీ బడి ఇంగ్లిష్ సారు ఇంగ్లిష్‌ల రాస్తడు, కింద అనువాదం నేను చేసిన అని ఆయన సంతకం పెడతడు. పిల్ల గాని, ఇంటోళ్లు గాని అనువాదం చెయ్యొద్దు, అంతే. తీసుకునే కాలేజీలు చాలనే ఉన్నయి. కామన్ యాప్ అనే ఫారంల పిల్ల నీ ఈమెయిల్ ఇస్తది, నీకు లింక్ వస్తది. 1975ల 15 కాలేజీలతోని మొదలైంది, ఇప్పుడు వెయ్యికి పైన. ఒక్కసారి పెడితె అన్నిటికీ అదే పోతది. ఉత్తరంతోని పాటు కొన్ని గడులుంటయి. నీ నౌకరిల చూసిన పిల్లలందరిల ఈమె ఎక్కడ నిలబడతది, మేధ ఎట్ల, చొరవ ఎట్ల అని.

సారు: గదే నాకు నచ్చనిది. పిల్లలను తూకం వేసుడు.

మేడం: తెల్వని దానికి, చెప్పడానికి ఆధారం లేదు అని గూడ ఒక గడి ఉన్నది.

సారు: ఉన్నదా? అది మంచిదే పెట్టిన్రు. టీసీల గూడ అసొంటిది ఒకటుంటె బాగుండు.

మేడం: ఒక్క చిక్కున్నది. చాలా కాలేజీలు పదకొండు, పన్నెండుల చెప్పిన టీచర్ ఉత్తరమే కావాలంటయి. నీది అదనంగ పెట్టాలె. ఎంఐటీ అయితె రెండడుగుతది, లెక్కలు సైన్స్ వాళ్లది ఒకటి, భాషలు సోషల్ వాళ్లది ఒకటి.

సారు: అంటె నీది తప్పది.

మేడం: నాది పనికిరాదని చెప్పిన గదా. నాలుగు నెలల్ల ఏం చూసిన? పస లేని ఉత్తరం పంపితె పిల్లకు నష్టం. మొదటి సంవత్సరం చెప్పిన సారును పట్టుకొమ్మన్న.

సారు: ఇప్పుడు దొరికినవ్. నన్ను సాక్షివి, రాయాలె అంటివి. నీ దాకా వచ్చేసరికి ఇంకొకరి మీద తోస్తున్నవ్. ఇది అక్టోబర్. వాళ్లకు జనవరి మొదటి వారం దాక టైమున్నదన్నవ్. నువ్వు రోజూ చూస్తున్న పిల్ల. రేపటి నుంచి చూడు. క్లాసయినంక ఐదు నిమిషాలు డౌట్లడగనియ్యి. ఏమడుగుతదో రాసి పెట్టుకో. డిసెంబర్ వరకు నీకు రాయనీకె దొరుకుతది.

మేడం: మా మేనేజ్‌మెంట్ సంగతి నీకు తెల్వదు. షెడ్యూల్ నిమిషాల లెక్క ఉంటది. ఒక పిల్లతోని ఐదు నిమిషాలు నిలబడితె ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ వస్తడు. అదీగాక ఒక్కామె కోసం చూసుడు మిగతా డెబ్బై తొమ్మిది మందికి అన్యాయం గాదా?

సారు: ఆ డెబ్బై తొమ్మిది మందిని గూడ ఎవరు చూస్తలేరన్నట్టే గదా. సర్వేల్‌ల 1971ల గురుకులం పెట్టినప్పుడు సార్లు, పిల్లలు ఒకే కాంపౌండ్‌ల ఉండేటోళ్లు. ఎవడు రాత్రి ఎంతసేపు చదివిండో సారుకు తెలిసేది. మీ కాడ గూడ హాస్టలే గదా, ఒకే బిల్డింగే గదా. పిల్లలను తెచ్చి పెట్టుకున్నరు, మొకాలు చూడనీకె టైం పెట్టుకోలే. అది పిల్ల బడి మారుడు వల్ల వచ్చింది గాదు.

మేడం: నేనొక్కదాన్ని ఏం చెయ్యాలె?

సారు: నేను మాత్రం ఒక్కణ్ణి గాదా? నేను రాస్తె నువ్వు గూడ రాయాలె. నువ్వు చూసినంతే రాయి, నాలుగు లైన్లయినా సరే.

మేడం: నాలుగు లైన్ల ఉత్తరం పోతె వాళ్లు ఏమనుకుంటరో నీకు తెల్వదు. అది నేను ఒప్పుకోను. రాయగలిగేంత చూస్తె రాస్త, లేకపోతె నవంబర్‌లనే ఆమెకు కాదని చెప్త.

సారు: అట్లనే చెప్పు. కాని చూడకుంట చెప్పకు.

ఇక్కడ ఇద్దరూ కలవలేదు. ఆమె భయం వట్టిది కాదు. పేలవమైన ఉత్తరం పిల్లకు చేసే చెడు ఆమెకు తెలుసు. కానీ సారు వేలు పెట్టి చూపించింది అసలు పుండు. ఏడాదికి లక్షలు తీసుకునే చోట పిల్లను పేరుతో ఎరిగిన మనిషి ఒక్కరూ లేకపోవడాన్ని తల్లిదండ్రులమైన మనం ఎప్పుడూ అడగలేదు. ఫీజు, ర్యాంకు, ఏసీ క్లాస్‌రూం అడిగాం.

సారు: ఇంకోటి. నేను రాసింది ఆమెకు చూపియ్య. చూపిస్తనని తెలిస్తె మొహమాటానికి రాస్త, అది నాతోని కాదు.

మేడం: చూపియ్యొద్దు గూడ. అక్కడ 1974 నుంచి ఒక చట్టమున్నది, కాలేజీల చేరినంక తన ఫైల్ చూసుకునే హక్కు పిల్లకుంటది. కాని ఈ ఉత్తరాలు నేను చూడను అని ముందే ఫారంల ఒప్పుకుంటరు. ఒప్పుకుంటేనే చదివేటోళ్లు నమ్ముతరు. ఆమె టిక్ పెట్టింది.

సారు: పెట్టిందా? అడగకముందే?

మేడం: అడగకముందే.

సారు: సరే, రేపు రమ్మను. తొమ్మిది, పది మార్కుల రికార్డు పాత బడిల హెడ్‌మాస్టర్ దగ్గర ఉంటది, కామన్ యాప్ వాళ్లకు అది గూడ కావాల్సొస్తది గదా, నేను ఫోన్ చేస్త. ఆ సైన్స్ నోట్‌బుక్ దాచుకున్నదో లేదో అడుగు. నాలుగో బకెట్‌ల పటిక ఎన్ని గ్రాములో నాకు యాది లేదు, అది చూసే రాయాలె.